మత్స్యకారుల అత్యవసర రేడియో సమాచారం

తీరానికి దూరంగా వేటలో ఉన్న పడవలకు తుఫాను హెచ్చరికలను అందించుటకు, ఆపదలో చిక్కుకున్న పడవల నుండి ఒడ్డుకు కబురు చేరుటకు ఉపయోగించే రేడియో సాధనాలను, పద్ధతులను కలిపి మత్స్యకారుల అత్యవసర రేడియో సమాచారం అనవచ్చు. ఈ వ్యవస్థకు ప్రధానమైన అవరోధం ప్రసార పరిధి.

భూమి వంపు - యాంటెన్నా ఎత్తు

సముద్రంపై సమీప సంభాషణకు వీ.హెచ్.ఎఫ్. సెట్లను వాడతారు. ఇవి సుమారు 156 నుండి 162 మెగాహెర్ట్జ్‌ల మధ్య పనిచేస్తాయి. 16వ ఛానెల్ (156.8 మెగాహెర్ట్జ్) ఆపద పిలుపుల కొరకు అంతర్జాతీయంగా కేటాయించబడింది. ఈ తరంగాలు దాదాపు సరళరేఖలో ప్రయాణిస్తాయి. భూమి గుండ్రంగా ఉన్నందున కొంత దూరం తరువాత అవి సముద్రమట్టాన్ని విడిచి పైకి సాగిపోతాయి. వాతావరణం వీటిని కొద్దిగా క్రిందికి వంచుతుంది కనుక రేడియో దిగంతం కంటికి కనిపించే దిగంతం కంటే కాస్త దూరంగా ఉంటుంది.

యాంటెన్నా ఎత్తును మీటర్లలో తీసుకొని, దాని వర్గమూలాన్ని 4.12తో గుణిస్తే రేడియో దిగంతం ఎన్ని కిలోమీటర్లో తెలుస్తుంది. రెండు వైపుల దూరాలను కూడవలెను. ఉదాహరణకు, 4 మీటర్ల ఎత్తున యాంటెన్నా గల పడవకు ఇది సుమారు 8 కి.మీ. అటువంటి రెండు పడవల మధ్య 16 కి.మీ. వరకు మాత్రమే మాట సాగుతుంది. ఒడ్డున 64 మీటర్ల టవరు ఉంటే దాని వాటా 33 కి.మీ., పడవతో కలిపి 41 కి.మీ. మరపడవలు రోజుల తరబడి వేటాడే చోట్లు ఇంతకంటే ఎన్నో రెట్లు దూరం. సెట్టు శక్తిని 5 వాట్ల నుండి 25 వాట్లకు పెంచినా దిగంతం జరగదు. యాంటెన్నా ఎత్తును నాలుగింతలు చేస్తే గానీ దాని వాటా రెట్టింపు కాదు. చిన్న పడవపై అంత ఎత్తు స్తంభం నిలపడం సాధ్యం కాదు. పైగా తుఫాను వేళ పడవ అలల నడుమ పల్లంలోకి దిగినప్పుడు ఆ కొద్ది ఎత్తు కూడా అక్కరకు రాదు. మొబైల్ ఫోనుకూ ఇదే చిక్కు, తీరం వెంబడి కొంత దూరం దాటితే సిగ్నలు ఉండదు.

ట్రాన్సిస్టరు రేడియో

మీడియం వేవ్ ప్రసారాల తీరు వేరు. వీటి తరంగాలు ఉపరితలాన్ని అంటిపెట్టుకొని సాగుతాయి. ఉప్పునీరు మంచి విద్యుద్వాహకం కాబట్టి నేల మీద కంటే సముద్రం మీద ఇవి ఎక్కువ దూరం వెళతాయి. అందువలన ఆకాశవాణి వార్తలు, వాతావరణ హెచ్చరికలు చౌకైన ట్రాన్సిస్టరుకు కూడా అందుతాయి. కానీ పడవ వినగలదే గాని బదులు చెప్పలేదు.

1977 ఉప్పెన తరువాత

1977 నవంబర్ 19న దివిసీమను ముంచెత్తిన ఉప్పెనలో అధికారిక లెక్కల ప్రకారమే సుమారు పది వేల మంది మరణించారు. స్తంభాలు, తీగలు కూలితే నేల మీది సమాచార మార్గాలు ముందుగా తెగిపోతాయి. 1980వ దశకంలో ఇన్సాట్ ఉపగ్రహం ద్వారా నేరుగా తీరప్రాంత కేంద్రాలకు హెచ్చరికలను పంపే వ్యవస్థ ఏర్పడింది. ముప్పు ఉన్న ప్రాంతాల రిసీవర్లను మాత్రమే ఎంపిక చేసి మేల్కొలపడం దీని ప్రత్యేకత. అయితే ఇది ఒడ్డున ఉన్నవారికే. అప్పటికే వేటకు వెళ్ళినవారికి కాదు.

ఓఖి తుఫాను

2017 నవంబర్ చివరిలో కన్యాకుమారి సమీపంలో వాయుగుండం కొద్ది గంటల్లోనే ఓఖి తుఫానుగా మారింది. కేరళ, తమిళనాడు పడవలు అనేకం అప్పటికే నడిసముద్రంలో ఉన్నాయి. హెచ్చరిక జారీ అయినా ఆ దూరానికి దానిని చేర్చే సాధనం లేకపోయింది. వందలాది మత్స్యకారులు మరణించారు లేదా గల్లంతయ్యారు.

ఉపగ్రహ సాధనాలు

ఉపగ్రహం తలపై ఉంటుంది కనుక భూమి వంపు అడ్డురాదు. ఇస్రో రూపొందించిన ఆపద సంకేత ప్రేషిణి (డాట్) 2010 నుండి వాడుకలో ఉంది. మీట నొక్కితే పడవ ఉన్న చోటు ఉపగ్రహం ద్వారా రక్షణ దళాలకు తెలుస్తుంది. ఓఖి తరువాత, 2019 అక్టోబరులో, హైదరాబాదులోని భారత జాతీయ సముద్ర సమాచార సేవా కేంద్రం 'జెమిని' అనే పరికరాన్ని ప్రవేశపెట్టింది. ఇది గగన్ ఉపగ్రహాల నుండి హెచ్చరికలను అందుకొని బ్లూటూత్ ద్వారా మొబైల్ ఫోనుకు చేరుస్తుంది. విచిత్రమేమిటంటే మొదటిది పలుకుతుంది గాని వినదు, రెండవది వింటుంది గాని పలకదు. సంకేతం చేరిందో లేదో తెలియక నీటిలో ఎదురుచూసే మనిషికి ఈ లోటు చిన్నది కాదు. 2024 జనవరిలో ఇస్రో ప్రకటించిన రెండవ తరం డాట్, సంకేతం అందినట్లు పడవకు తిరుగు కబురు పంపుతుంది.