మీకు తెలుసా? తప్పు కాని తప్పెత్తు

కంప్యూటర్ చదరంగ ప్రోగ్రాములు తమలో తాము ఆడిన ఆటలలో, ఉద్దండులను సైతం తికమకపెట్టిన స్థితి ఒకటి 1977లో టొరంటోలో జరిగిన ప్రపంచ కంప్యూటర్ చదరంగ పోటీలలో ఎదురైంది. అమెరికా ప్రోగ్రాము డచెస్ 34వ ఎత్తులో మంత్రితో చెక్ చెప్పగా, నల్లపావులతో ఆడుతున్న సోవియట్ ప్రోగ్రాము కైసా రాజును పక్కగడికి జరపడానికి బదులు ఏనుగును అప్పనంగా అడ్డువేసి, చివరకు ఆట ఓడింది. మాజీ ప్రపంచ విజేత బొత్విన్నిక్ అంతటివాడు కూడా దానిని పొరపాటుగానే భావించాడు. అయితే తరువాత కైసాచేతనే విశ్లేషింపజేయగా, రాజు జరిగి ఉంటే డచెస్ తన మంత్రినే బలి ఇచ్చి, బిషప్ అనబడే శకటుతోను, ఏనుగుతోను వరుసగా చెక్‌లు చెప్పి 39వ ఎత్తుకల్లా ఆటకట్టు చేయగలిగేదని తేలింది. ఎదుటివారికి ఆ బలి తట్టకపోవచ్చునని ఆశపడడం మనుషులకు తెలిసిన విద్యే గాని, కైసాకు అది తెలియదు.

ఈ రంగానికి తెలుగువారితోనూ కొంత చుట్టరికం ఉంది. చిత్తూరు జిల్లా కాటూరులో 1937లో జన్మించిన రాజ్ రెడ్డి రోబోటిక్స్ సంస్థకు వ్యవస్థాపక సంచాలకులుగా పనిచేసిన కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలోనే డీప్ థాట్ అనే చదరంగ కంప్యూటర్ రూపొంది, 1989లో ఎడ్మంటన్‌లో కంప్యూటర్ల ప్రపంచ విజేతగా నిలిచింది. నేడు నిజామాబాద్ జిల్లా మోస్రాలోని ఆటగాడైనా, ఉచితంగా లభించే స్టాక్‌ఫిష్ అనే చదరంగ ప్రోగ్రామును సెల్‌ఫోన్‌లో తెరిచి టొరంటో స్థితిని పేర్చితే, ఆ మంత్రి బలిని అది క్షణాలలో చూపిస్తుంది.