పెన్నను పెనుకొండకు నడిపించినవాడు

హిందూపురం తండ్రి పేరు మీద వెలసిన ఊరు. గుత్తిని ఏలిన మురారిరావు ఘోర్పడే తన తండ్రి హిందూరావు పేరు దీనికి పెట్టాడని పాత గెజిటీర్లు రాశాయి. ధర్మవరం తల్లి పేరు మీద వెలసిన ఊరు. క్రియాశక్తి ఒడయరు చిత్రావతి నీళ్లు నిలిచేలా పెద్ద చెరువు కట్టించి, దాని పక్కన లేచిన ఊరికి తల్లి ధర్మాంబ పేరు పెట్టాడని అక్కడివాళ్లు ఇప్పటికీ చెప్పుకుంటారు. బెంగళూరులో గుంతకల్లు వైపు రైలెక్కితే ముందు నాన్న ఊరు వస్తుంది, చివర అమ్మ ఊరు వస్తుంది. నడుమ పెనుకొండ. మూడూ ఒకప్పుడు అనంతపురం జిల్లావి, 2022 ఏప్రిల్ నుంచి శ్రీ సత్యసాయి జిల్లావి.

హిందూపురం అనగానే బెల్లం, చింతపండు మార్కెట్టూ, ధర్మవరం అనగానే పట్టుచీరలూ, పెనుకొండ అనగానే ఈమధ్య కియా కార్లూ గుర్తుకొస్తాయి. ఈ దారిలో ఒక ఇంజినీరు కూడా ఉన్నాడు. అతని పేరు చెబితే ఇక్కడి కాలేజీ పిల్లలు కూడా తెల్లముఖం వేస్తారు.

పేరు సింగాయ భట్టు. కాలం 1388.

పెనుకొండ అప్పటికే మామూలు ఊరు కాదు. మొదటి బుక్కరాయలు ఈ సీమను కొడుకు విరుపణ్ణ ఒడయరుకు అప్పజెప్పాడని, 1354 నాటికి కోట లేచిందని ఉత్తర ద్వారం దగ్గరి శాసనం వల్ల తెలుస్తుంది. రాజుల కొడుకులు పాలన నేర్చుకున్న చోటు ఇది. 1565లో తళ్లికోట యుద్ధంతో విజయనగరం చితికిపోయాక రాజధానే ఇక్కడికి వచ్చింది. అయితే కొండ మీద కోట కట్టినంత సులువుగా కొండ కింద నీళ్లు పుట్టవు. వాన నీడలో పడిన సీమ. పెన్న ఉన్నా అది పెనుకొండ గుమ్మం ముందు నుంచి పారదు. నంది కొండల్లో పుట్టి, గౌరిబిదనూరు మీదుగా హిందూపురం పక్కన ఆంధ్రలోకి దిగి, పెనుకొండకు పడమటి వైపు నుంచి తన దారిన తాను పోతుంది.

రెండో హరిహరరాయల కొడుకు ప్రతాప బుక్కరాయలు పెనుకొండలో ఉండగా నిండు కొలువులో ఒక ఆజ్ఞ ఇచ్చాడు. ప్రజలు సుఖంగా ఉండాలి, ప్రాణులకు నీరే ప్రాణం, కాబట్టి పెన్నను పెనుకొండకు తీసుకురావాలి. ఆజ్ఞ అందుకున్నది సింగాయ భట్టు. అతన్ని జలసూత్రం తెలిసినవాడని శాసనం పిలుస్తుంది. ఇప్పటి మాటల్లో ఇరిగేషన్ ఇంజినీరు. అతను సిరువెర అనే చెరువుకు కాలువ తవ్వించి, దానికి ప్రతాప బుక్కరాయ మండల కాలువ అని పేరు పెట్టి, ఆ సంగతి రాతి మీద రాయించాడు. ఆ రాయి దొరికింది హిందూపురానికి ఎగువన, గౌరిబిదనూరు తాలూకా కల్లోడిలో.

కాలువకు రాజు పేరు పెట్టి, శాసనంలో తన పేరూ ఉంచుకున్నాడు. గడుసువాడే.

మోటార్లు లేని రోజుల్లో నీటిని నడిపించేది వాలు ఒక్కటే. గౌరిబిదనూరు మెరక, పెనుకొండ పల్లం, కాబట్టి నీళ్లు వస్తాయని చెప్పడానికి ఇంజినీరు అక్కర్లేదు. ఆ పల్లం ఎంత దూరాన ఎంత దిగాలన్నదే కష్టం. వాలు ఎక్కువైతే కాలువ గట్లు కోసుకుపోతాయి, తక్కువైతే ఒండ్రు పడి పూడుతుంది. దారిలో గుట్ట అడ్డం వస్తే చుట్టి రావాలి, చుట్టినా వాలు చెడకూడదు. ఇదంతా అతను ఏ పనిముట్లతో కొలిచాడో రాతి మీద లేదు.

కాలువ చివర చెరువు ఉంటుంది, చెరువుకు తూము ఉంటుంది. విజయనగర కాలపు తూము నీళ్లు తగ్గిన వేసవిలో బాగా కనిపిస్తుంది. కట్టకు లోపలి వైపు రెండు నిలువు రాతి స్తంభాలు, వాటిని కలుపుతూ అడ్డ బండలు, ఆ బండల్లో బెజ్జాలు. వాటిలోంచి ఒక పొడుగాటి కొయ్య కిందికి దిగుతుంది. దాని కొసన ఉన్న బిరడా అడుగు బండలోని గుండ్రటి రంధ్రాన్ని మూస్తుంది. చెరువు నీళ్లు వదిలే నీరుగంటి ఆ కొయ్యను జానెడు లేపితే ఇంత, మూరెడు లేపితే ఇంత. చెరువు నిండి మరవ పారిందంటే ఊరంతా కట్ట మీదే ఉంటుంది. ధర్మవరం చెరువు మరవ పారిన రోజు ఆ సందడి చూడాల్సిందే, మగ్గాలు కూడా కాసేపు ఆగుతాయి.

సింగాయ భట్టుకు పెళ్లాం బిడ్డలున్నారా, ఎన్నేళ్లు బతికాడు? కల్లోడి రాయి చెప్పదు. కానీ అతని కాలం వాళ్లు ఈ ప్రశ్నను మనలా అడిగేవాళ్లు కాదు. వాళ్ల లెక్కలో మనిషికి సంతానం ఏడు రకాలు: కొడుకు, చెరువు, కావ్యం, గుడి, తోట, అగ్రహారం, నిధి. కొడుకు పక్కనే చెరువు. చెరువు తవ్వించినవాడు పిల్లలు లేక పోయినా వంశం నిలబడ్డట్టే. పెంచి పోషించాల్సిన బాధ్యత కూడా కొడుకు విషయంలో ఎంతో చెరువు విషయంలోనూ అంతే. ఆ బాధ్యత కోసమే రాయలసీమలో దశబంధం అనే ఏర్పాటు ఉండేది. సొంత డబ్బుతో చెరువు కట్టినవాడికి, బాగుచేసినవాడికి కొంత భూమి ఇనాముగా ఇచ్చేవాళ్లు. కట్టకు గండి పడకుండా చూసుకునే పని అతని తర్వాత కొడుకులకు, మనవలకు వచ్చేది. ఇల్లూ ఇంజినీరింగూ ఒకే ఆస్తిగా చేతులు మారాయి. ఇందులో మోసాలు జరగలేదని కాదు, భూమి తిని చెరువును వదిలేసినవాళ్లూ ఉన్నారు. అయినా కట్ట తెగితే ఎవరి గుమ్మం ముందు నిలబడి అడగాలో ఊరికి తెలిసేది. ఇప్పుడు ఏ ఆఫీసుకు పోవాలో కనుక్కునేసరికే నీళ్లు వెళ్లిపోతాయి.

ఈ ఏడు సంతానాల లెక్కకు మన కాలపు సాక్షి మోక్షగుండం విశ్వేశ్వరయ్య. పెన్న పుట్టే నంది కొండల పక్కనే ముద్దేనహళ్లిలో, తెలుగు మాట్లాడే ఇంట్లో పుట్టాడు. పూర్వీకులది మన ఆంధ్రలోని మోక్షగుండం. చిన్నప్పుడే తండ్రి పోయాడు. 1912లో మైసూరు దివాను పదవి తీసుకునే ముందు, చుట్టాలెవరూ సిఫారసులకు రాకూడదని ఇంట్లో మాట తీసుకున్నాడని చెప్పుకుంటారు. ఇంటి మీద ప్రేమను అలా చూపించిన మనిషి. కన్న బిడ్డలు లేరు. నూరేళ్లు దాటి 1962లో కన్నుమూశాడు. మూసీ వరదల తర్వాత ఆయన సలహాతో హైదరాబాదు కట్టుకున్న గండిపేట, హిమాయత్‌సాగర్ ఇంకా మనల్ని పలకరిస్తూనే ఉన్నాయి.

మళ్లీ పెన్న దగ్గరికి వద్దాం. కడప జిల్లా పోరుమామిళ్ల చెరువు దగ్గర 1369 నాటి శాసనం ఒకటుంది. మొదటి బుక్కరాయల కొడుకు భాస్కరుడు వేయించినది. చెరువుకు పన్నెండు అంగాలు, ఆరు దోషాలు అని అందులో లెక్క చెప్పారు. ఆరు దోషాల్లో ఒకటి, చెరువు రెండు రాజ్యాల సరిహద్దులో ఉండటం. అది చదివితే హిందూపురం రైతు నవ్వుతాడో ఏడుస్తాడో. సింగాయ భట్టు కాలువ తీసిన రోజున మెరకా పల్లమూ ఒకే రాజ్యం. ఇప్పుడు మెరక కర్ణాటక, పల్లం ఆంధ్ర. 1892లోనే మద్రాసూ మైసూరూ కూర్చుని పెన్న, చిత్రావతి లాంటి నదుల మీద ఒప్పందం రాసుకోవాల్సి వచ్చింది, పైవాడు కిందివాడిని అడగకుండా కొత్త కట్టలు వేయకూడదని. కిందివాళ్ల తప్పూ ఉంది. నది ఇసుకలో తవ్వి ఊరే నీళ్లు పట్టిన ఊటకాలువలు ఈ సీమ సొత్తు. ఇసుక లారీలెక్కి, ఊరూరా బోర్లు పడ్డాక ఆ ఊట ఎక్కడిది?

పెనుకొండకు నది రావాలన్న ఆజ్ఞ మాత్రం ఇంకోసారి నెరవేరింది, ఈసారి మరో నదితో. హంద్రీ-నీవా పథకం శ్రీశైలం జలాశయం నుంచి కృష్ణను మెట్టు మెట్టుగా ఎత్తిపోసి, 2016లో పెనుకొండ దగ్గరి గొల్లపల్లి రిజర్వాయరుకు చేర్చింది. పట్టేది రెండు టీఎంసీల లోపే. కియా ఫ్యాక్టరీ ఆ నీళ్లను చూసుకునే ఎర్రమంచికి వచ్చింది. హిందూపురం కుళాయిలకూ అక్కడి నుంచే పైపులైను వేశారు. సింగాయ భట్టు నీటిని పల్లానికి నడిపించాడు, వీళ్లు మెరకకు ఎక్కించారు. కరెంటు బిల్లు తప్పిస్తే పని అదే.

గొల్లపల్లి కట్ట మీద ఒక మంచి పని చేయొచ్చు, ఖర్చు కూడా పెద్దగా ఉండదు. కల్లోడి శాసనం పాఠాన్ని తెలుగులో చెక్కించి అక్కడ నిలబెట్టాలి. ఏటా సెప్టెంబరు 15న ఇంజినీర్స్ డే నాడు విశ్వేశ్వరయ్య పటానికి దండ వేసే ఇరిగేషన్ శాఖవాళ్లు రెండో దండ ఒకటి జీపులో వేసుకుని అక్కడిదాకా రావచ్చు. పెనుకొండ నుంచి ఎంతో దూరం లేదు, రోడ్డు కూడా బాగానే ఉంది.