రక్తనాళాల మరమ్మతు: కుట్టు, గుడ్డ, బీడీ

సిరిసిల్లలో ఏ వీధిలోకి పోయినా సాంచాల మ్రోత వినిపిస్తుంది. ఆ మరమగ్గాల మీద నేసే బట్టలో చాలా భాగం పాలియెస్టరు. జగిత్యాల, కోరుట్ల ప్రాంతాలకు పోతే, స్త్రీలు ఒడిలో చాట పెట్టుకొని, కత్తిరించిన తునికాకులో పొగాకు పొడి పోసి బీడీలు చుడుతూ కనిపిస్తారు. ఈ రెండు పనులకూ మనిషి కాలిలోని ధమనికీ సంబంధం ఉందంటే మొదట ఆశ్చర్యం కలుగుతుంది. చెడిపోయిన పెద్ద ధమనికి బదులుగా శస్త్రవైద్యులు అమర్చే గొట్టం పాలియెస్టరు నూలుతో చేసినదే. బీడీ పొగ వల్ల వచ్చే ఒక రోగంలో మాత్రం అటువంటి గొట్టం ఎంత చక్కగా చేసినా దాదాపు అక్కరకు రాదు. ఇందుకు కారణం తెలియాలంటే, రక్తనాళాన్ని కుట్టడం వైద్యులకు ఎట్లా పట్టుబడిందో, కుట్టిన తరువాత రోగి గతి ఏమవుతుందో కొంత వివరంగా చూడాలి.

వాడుకలో మనం అన్నింటినీ ‘నరాలు’ అంటాం. నరం తెగి రక్తం కారింది అంటాం. నరాల బలహీనత అనీ అంటాం. శాస్త్రంలో ఈ కలగాపులగం పనికిరాదు. గుండె నుండి రక్తాన్ని ఒత్తిడితో తీసుకొనిపోయేది ధమని. తిరిగి గుండెకు చేర్చేది సిర. నరం రక్తాన్ని మోయదు, వార్తలను మోస్తుంది. సాంచా దగ్గర రోజంతా నిలబడేవారి పిక్కల మీద ఉబ్బి మెలికలు తిరిగేవి సిరలు. వాటి బాధ వేరు, చికిత్స కూడా వేరు. ఇక్కడ చెప్పబోయేది ముఖ్యంగా ధమనుల సంగతి.

చాలా శతాబ్దాల పాటు తెగిన ధమనికి వైద్యుడు చేయగలిగింది ఒక్కటే: దానిని దారంతో బిగించి కట్టివేయడం. పదహారవ శతాబ్దంలో ఫ్రెంచి శస్త్రవైద్యుడు ఆంబ్రువాజ్ పారే యుద్ధరంగంలో ఈ పద్ధతిని వ్యాప్తికి తెచ్చాడు. రక్తస్రావం ఆగి ప్రాణం దక్కేది. కాని కట్టు క్రింది భాగానికి రక్తం అందక చాలామంది కాలో చెయ్యో పోగొట్టుకొనేవారు. 1894 జూన్‌లో ఫ్రాన్సు అధ్యక్షుడు సాడీ కార్నో లియోన్ నగరంలో కత్తిపోటుకు గురి అయ్యాడు. కాలేయానికి రక్తం తీసుకొనిపోయే పెద్ద సిర తెగింది. ఒక దేశాధ్యక్షుణ్ణి బ్రతికించడానికి కూడా ఆ సిరను కుట్టగల వైద్యుడు ఆనాడు దొరకలేదు. అప్పుడు ఆ నగరంలోనే వైద్యవిద్యార్థిగా ఉన్న అలెక్సిస్ కారెల్‌ను ఈ సంఘటన కదిలించింది.

లియోన్ పట్టునేతకు పేరుపడ్డ ఊరు. కారెల్ అక్కడి కుట్టుపనిలో ఆరితేరిన ఒక స్త్రీ దగ్గర సన్నని సూదితో, పట్టుదారంతో కుట్టడం నేర్చుకొన్నాడు. శస్త్రవైద్యుడు కుట్టుపనికత్తెకు శిష్యరికం చేయడం చిన్నతనం అనుకోకపోవడమే అతనికి కలిసివచ్చింది. 1902లో అతడు తన పద్ధతిని ప్రకటించాడు.

ఆ పద్ధతిలోని కీలకాన్ని తరగతిలోనే చూపవచ్చు. మెత్తని సన్నని రబ్బరు గొట్టాన్ని అడ్డంగా కోసి, రెండు కొసలను సూదిదారంతో కలపడానికి ప్రయత్నించండి. గొట్టం అణగిపోతుంది. సూది ఇవతలి గోడతోపాటు అవతలి గోడను కూడా పట్టుకొంటుంది, దారి మూసుకొనిపోతుంది. కారెల్ ముందుగా రెండు కొసలనూ సమదూరంలో మూడుచోట్ల కుట్లువేసి కలిపాడు. ఆ మూడు దారాలనూ మూడు ప్రక్కలకు లాగగానే గుండ్రని అంచు త్రిభుజం అవుతుంది. ఇక కుట్టవలసింది వంపును కాదు, మూడు సరళరేఖలను! లోపలి పొరకు లోపలి పొర తగిలేటట్లు అంచులను కొంచెం బయటికి మడిచేవాడు. దారానికి వాసెలిన్ పూసేవాడు. రక్తం గరుకు తలం తగిలితే గడ్డకడుతుంది కనుక ఈ జాగ్రత్తలన్నీ అవసరమైనాయి. ఈ కృషికి 1912లో అతనికి నోబెల్ బహుమతి లభించింది.

అయినప్పటికీ మనుషులలో ఈ చికిత్స వెంటనే వ్యాపించలేదు. కుట్టిన చోట రక్తం గడ్డకట్టకుండా ఆపే మందు కావలసివచ్చింది. 1916లో అమెరికాలో జే మెక్లీన్ అనే విద్యార్థి పరిశోధనలో బయటపడిన హెపారిన్ 1930వ దశాబ్దంలో వైద్యుల చేతికి వచ్చింది. ఆ తరువాత ఈ శస్త్రవైద్యం వేగంగా పెరిగింది. 1946లో లిస్బన్‌లో డోస్ సాంటోస్ మూసుకొన్న ధమనిని తెరచి లోపలి పూడికను ఒలిచివేశాడు. 1948లో పారిస్‌లో కున్లిన్, రోగి కాలి నుండే ఒక సిరను తీసి, పూడిన భాగాన్ని ప్రక్కనుంచి దాటిపోయే పిల్లకాలువలాగా అమర్చాడు. సిరలో రక్తాన్ని ఒకే దిక్కుకు పోనిచ్చే కవాటాలుంటాయి. అందుచేత సిరను తలక్రిందులు చేసి కుట్టవలసివచ్చింది.

కాలి సిర కాలి ధమనికి సరిపోతుంది. ఉదరంలోని మహాధమని వ్యాసం సుమారు రెండు సెంటీమీటర్లు. దానికి సరిపడే సిర ఎక్కడిది? న్యూయార్కులో ఆర్థర్ వూర్హీస్ ఒక కుక్క గుండెలో మిగిలిపోయిన పట్టుదారాన్ని కొన్ని నెలల తరువాత చూసినప్పుడు దాని మీద నిగనిగలాడే పొర ఏర్పడి ఉంది. దారం మీద పొర పెరిగితే గుడ్డ మీద మాత్రం ఎందుకు పెరగదు అనే ఊహ అతనికి అక్కడ తట్టింది. 1952లో వినియాన్ అనే కృత్రిమ నూలుగుడ్డతో చేసిన గొట్టాల ఫలితాలను ప్రకటించాడు.

ఆ రోజులలోనే హ్యూస్టన్ నగరంలో మైకేల్ డిబేకీ గుడ్డ కొనడానికి ఒక పెద్ద దుకాణానికి పోయాడు. అడిగింది నైలాన్. అది అయిపోయిందని, క్రొత్తగా వచ్చిన డేక్రాన్ ఇచ్చారు. అతడు దానిని ఇంట్లో భార్య కుట్టుమిషను మీద గొట్టంగా కుట్టాడు. నైలాన్ శరీరంలో కాలక్రమాన బలం కోల్పోతుందనీ, డేక్రాన్ నిలుస్తుందనీ తరువాత తేలింది. దుకాణంలో నైలాన్ లేకపోవడం ఎంత మేలు చేసిందో! 1954లో డిబేకీ మొదటి డేక్రాన్ గొట్టాన్ని మనిషిలో అమర్చాడు. డేక్రాన్ అనేది వ్యాపారనామం. 1941లో ఇంగ్లండులో విన్‌ఫీల్డ్, డిక్సన్ తయారుచేసిన పాలియెస్టరే అది. టెరిలీన్ అనే పేరుతో మన పాతతరం వారికి పరిచయమైన నూలు కూడా అదే.

సిరిసిల్ల సాంచా మీది గుడ్డ తిన్నగా శరీరంలోకి పోదు. వైద్యానికి వాడే నూలును ప్రత్యేకంగా శుద్ధిచేస్తారు, గొట్టాన్ని కుట్టు లేకుండా గుండ్రంగానే నేస్తారు. కాని పడుగూ పేకా తెలిసినవారికి అందులోని చిక్కు వెంటనే అర్థమౌతుంది. నేత బిగువుగా ఉంటే రక్తం ఊరదు, కాని గొట్టం గట్టిపడి సూదికి లొంగదు. అల్లిక వదులుగా ఉంటే గొట్టం మెత్తగా ఉంటుంది, కాని సందులలోనుంచి రక్తం ఊరుతుంది. పూర్వం వైద్యులు అల్లిక గొట్టాన్ని ముందుగా రోగి రక్తంలోనే తడిపి, సందులలో రక్తం గడ్డకట్టనిచ్చి, తరువాత అమర్చేవారు. ఈనాడు జెలటిన్ వంటి పదార్థం పూసిన గొట్టాలు సిద్ధంగా దొరుకుతున్నాయి. వంచినప్పుడు నలగకుండా గొట్టానికి అడ్డంగా ముడతలు కూడా పెడతారు.

మరి వీటి ఫలితాలు ఎట్లా ఉన్నాయి? మహాధమని నుండి తొడ ధమనులకు వేసిన గుడ్డ గొట్టాలలో అయిదేళ్ళ తరువాత నూటికి 85 నుండి 90 వరకు తెరచే ఉంటాయి. తొడ నుండి మోకాలి వరకు రోగి సొంత సిరను వాడితే నూటికి 70 ప్రాంతం నిలుస్తాయి. మోకాలి క్రిందికి గుడ్డ వంటి కృత్రిమ గొట్టం వేస్తే సగం కూడా నిలవవు. కుట్టే చేయి అదే, నూలు అదే. తేడా అంతా వెడల్పులో ఉంది.

మనుషులలో గుడ్డ గొట్టం లోపలి భాగమంతటా అసలైన ధమని పొర పెరగదు. కొసల దగ్గర కొంత మేరకే పెరుగుతుంది. తక్కిన భాగం మీద రక్తంలోని పదార్థం పల్చని పూతలాగా పేరుకొంటుంది. ఆ పూత మందం ఒక మిల్లీమీటరు అనుకొందాం. 18 మిల్లీమీటర్ల గొట్టం 16 అవుతుంది. 4 మిల్లీమీటర్ల గొట్టం 2 అవుతుంది. సన్నని గొట్టాలలో ప్రవాహం వ్యాసార్థం నాలుగవ ఘాతాన్ని అనుసరిస్తుందని పాయ్‌జ్యూయీ సూత్రం. విద్యార్థులు లెక్క కట్టవచ్చు: మొదటి గొట్టంలో ప్రవాహం నూటికి 62 వంతులు మిగులుతుంది, రెండవదానిలో 6 మాత్రమే! రక్తం సరిగా నీటివలె ప్రవహించదు కనుక ఇది ఉజ్జాయింపు లెక్కే. ఇంకొక సంగతి కూడా ఉంది. గొట్టం నుండి రక్తం ముందుకు పోవడానికి క్రింద తెరచిన దారి ఉండాలి. చివరిమడికి పోయే బోదె పూడిపోతే పైన కాలువ త్రవ్వి ఏమి లాభం?

కోత లేకుండా లోపలినుంచే చేసే చికిత్సలు కూడా వచ్చాయి. 1964లో అమెరికాలోని పోర్ట్‌లండ్‌లో డాటర్ అనే వైద్యుడు, కాలు తీయించుకోవడానికి ఒప్పుకోని 82 ఏళ్ళ వృద్ధురాలి ధమనిలోకి సన్నని గొట్టాలను ఒకదాని తరువాత ఒకటి పంపి దారి వెడల్పు చేశాడు. ఆమె ఆ తరువాత బ్రతికినంత కాలం తన కాళ్ళమీదనే నడిచింది. 1990లో బ్యునోస్ ఐరిస్‌లో పరోదీ డేక్రాన్ గొట్టాన్నే మడిచి, తొడ ధమని గుండా మహాధమనిలోకి చేర్చి అక్కడ విప్పాడు. ఇక డిబేకీ సంగతి: 2005 చివర, 97 ఏళ్ళ వయసులో, అతని మహాధమని గోడ చీలింది. 2006లో అతని సహచరులు డేక్రాన్ గొట్టంతోనే దానిని సరిచేశారు. అతడు 2008 వరకు జీవించాడు.

కొన్ని సందర్భాలలో ఫలితాన్ని గడియారమే నిర్ణయిస్తుంది. గుండెలో ఏర్పడిన రక్తపుగడ్డ కొట్టుకొనివచ్చి కాలి ధమనిలో ఇరుక్కొంటే కాలు ఉన్నట్టుండి విపరీతంగా నొప్పి పుట్టి, పాలిపోయి చల్లబడుతుంది. నాడి అందదు. తరువాత తిమ్మిరి ఎక్కి కదలిక పోతుంది. కండరం, నరం రక్తం లేకుండా సుమారు ఆరుగంటలు మాత్రమే తట్టుకొంటాయి. 1963లో ఫోగార్టీ ప్రకటించిన పద్ధతిలో, కొసన చిన్న బుడగ ఉన్న గొట్టాన్ని గడ్డను దాటేదాకా పంపి, బుడగను ఉబ్బించి వెనుకకు లాగుతారు. గడ్డ బయటికి వస్తుంది. పని చిన్నదే, వేళకు జరగాలి. హైదరాబాదులోని నిమ్స్‌లో రక్తనాళ శస్త్రచికిత్సకు ప్రత్యేక విభాగం ఉంది. కాని గొల్లపల్లి నుండి అక్కడికి ప్రయాణానికే నాలుగైదు గంటలు పడుతుంది. ముందుగా దగ్గరి ఆస్పత్రిలో హెపారిన్ ఇప్పిస్తే గడ్డ ఇంకా పెరగకుండా ఉంటుంది. ఇంట్లో కాపడం పెట్టి తెల్లవారేదాకా ఆగడం చాలా ప్రమాదం. రక్తం ఆడని కాలు వేడిని మోసుకొనిపోలేదు కనుక చర్మం ఇట్టే కాలిపోతుంది.

ఇప్పుడు బీడీ సంగతి. 1879లో ఆస్ట్రియా వైద్యుడు ఫాన్ వినివార్టర్ ఒక రోగిలో గుర్తించిన వ్యాధిని, 1908లో న్యూయార్కులో లియో బర్గర్ తీసివేసిన కాళ్ళను పరీక్షించి వివరంగా వర్ణించాడు. ఆ వ్యాధికి అతని పేరే నిలిచింది. ముసలితనంలో ధమనులలో క్రొవ్వు పేరుకొనే రోగం కాదిది. సాధారణంగా 45 ఏళ్ళలోపు పురుషులకు వస్తుంది. రోగులు దాదాపు అందరూ పొగాకు వాడేవారే. మన దేశంలో బీడీ త్రాగే శ్రమజీవులలో ఇది ఎక్కువగా కనిపిస్తుంది. బీడీ తరచు ఆరిపోతుంది కనుక మాటిమాటికి దమ్ము లాగవలసి ఉంటుంది.

ఈ వ్యాధిలో పాదాల, చేతుల సన్నని, మధ్యరకం నాళాలు వాచి, వాటిలో రక్తం గడ్డకడుతుంది. మొదట నడిస్తే అరికాలు లేక పిక్క పట్టేస్తుంది, కాసేపు నిలబడితే తగ్గుతుంది. తరువాత రాత్రి పడుకొన్నా నొప్పి వదలదు. రోగి కాలిని మంచం క్రిందికి వ్రేలాడవేసి కూర్చుంటాడు. చివరకు వ్రేలి కొసన మానని పుండు, నలుపు. పైనున్న పెద్ద ధమని బాగానే ఉంటుంది. పాడైనవి మోకాలి క్రింద రెండు మూడు మిల్లీమీటర్ల నాళాలు, పాదంలో అంతకంటె సన్ననివి. గొట్టం పై కొసను కుట్టడానికి చోటుంది, క్రింది కొసను కుట్టడానికి చాలామందిలో చోటే లేదు. పైన కట్టిన లెక్క ఇక్కడ పూర్తిగా రోగికి వ్యతిరేకం.

అందుచేత వైద్యులు చుట్టుదారులు వెదికారు. నడుము దగ్గర నాళాలను ముడుచుకొనేటట్లు చేసే నరాలను కత్తిరిస్తే చర్మపు నాళాలు కొంత విప్పారుతాయి. దీనివల్ల కొందరిలో పుండు మానుతుంది, రాత్రినొప్పి తగ్గుతుంది, కాని నడకనొప్పికి పెద్దగా గుణం ఉండదు. పేగులమీద పరదాలాగా వ్రేలాడే క్రొవ్వుపొరను, దాని రక్తనాళాలతో సహా కాలిలోకి దించే శస్త్రచికిత్స కూడా మన దేశంలో చేశారు. ఇవి బాధను తగ్గించేవే, రోగాన్ని ఆపేవి కావు.

ఆపేది ఒకటి ఉంది, దానికి కత్తి అక్కరలేదు. అమెరికాలోని క్లీవ్‌లండ్ వైద్యులు 2000లో ప్రచురించిన సమీక్ష ప్రకారం, వ్రేళ్ళు కుళ్ళకముందే పొగాకు పూర్తిగా మానినవారిలో నూటికి 94 మందికి ఏ అవయవమూ తీయవలసిన అవసరం రాలేదు. మాననివారిలో ఏడెనిమిదేళ్ళలో అవయవం పోగొట్టుకొనే అవకాశం నూటికి 43. తగ్గించడం చాలదు. రోజుకు ఒకటి రెండు త్రాగినా రోగం కదులుతూనే ఉంటుంది, నమిలే పొగాకు కూడా అంతే. పుండు మానిన రోగి మళ్ళీ నొప్పితో వచ్చినప్పుడు, త్రాగడంలేదని చెప్పినా, వైద్యులు నికోటిన్ ఆనవాలు కోసం మూత్రాన్ని పరీక్ష చేయిస్తారు. క్రొత్తగా మూసుకొన్న నాళానికి కారణం ఎక్కువసార్లు అక్కడే దొరుకుతుంది.