వంద రోజుల కాపలా

బ్లడ్ క్యాన్సర్‌కి ఎముక మజ్జ మార్పిడి చేశారు. కొత్త మజ్జ పట్టుకుంది. డాక్టర్లు ఇంటికి వెళ్లొచ్చన్నారు. గండం గడిచినట్టేనా? సగమే గడిచినట్టు. మిగతా సగం ఇంట్లోవాళ్ల చేతుల్లో ఉంటుంది... వరంగల్ లాంటి ఊళ్లలో మరీనూ!

ఎముకల లోపల మెత్తగా ఉండే మజ్జ మన ఒంట్లో రక్తం తయారుచేసే కర్మాగారం. ఎర్ర కణాలు, తెల్ల కణాలు, ప్లేట్‌లెట్లు అన్నీ అక్కడే పుడతాయి. ఆ కర్మాగారం దారితప్పి పనికిరాని కణాల్ని కుప్పలుతెప్పలుగా తయారుచేస్తే అది లుకేమియా. లింఫోమా, మైలోమా కూడా ఈ కుటుంబానికి చెందినవే. తగ్గినట్టే తగ్గి మళ్లీ వచ్చే జ్వరం, మొహం పాలిపోవడం, చిగుళ్ల నుంచి రక్తం, ఒంటిమీద కారణం లేకుండా కమిలిన మచ్చలు... ఇవి కనిపిస్తే సీబీపీ అనే మామూలు రక్తపరీక్షతోనే అనుమానం మొదలవుతుంది. ఆ పరీక్ష వరంగల్‌లోనే అయిపోతుంది. మార్పిడి మాటకొస్తే మాత్రం చాలా కుటుంబాలు 145 కిలోమీటర్ల అవతలున్న హైదరాబాద్‌కో, వెల్లూరు సీఎంసీకో ప్రయాణం కట్టాల్సిందే. నిమ్స్, బసవతారకం ఆసుపత్రుల్లో ఈ చికిత్స చేస్తున్నారు.

భీమవరం బిడ్డ ఇచ్చిన మందు

ఈ జబ్బుతో పోరాటంలో తొలి గెలుపు వెనుక ఓ తెలుగువాడున్నాడు. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో పరిశోధనలకు నాయకత్వం వహించారు. ఆయన బృందం తయారుచేసిన అమినోప్టెరిన్‌ను బోస్టన్‌లో డాక్టర్ సిడ్నీ ఫార్బర్ లుకేమియా పిల్లలకు వాడి చూశారు. 16 మందికి ఇస్తే 10 మందిలో జబ్బు వెనక్కి తగ్గింది. తాత్కాలికంగానే అయినా అదో అద్భుతం. 1948లో ఆ ఫలితాలు లోకానికి తెలిశాయి. అదే ఏడాది సుబ్బారావు కన్నుమూశారు. ఆ మందుకు తమ్ముడిలాంటి మెథోట్రెక్సేట్‌ను డాక్టర్లు ఇప్పటికీ వాడుతున్నారు. లుకేమియాకే కాదు, మజ్జ మార్పిడి తర్వాత వచ్చే చిక్కుల్ని ఆపడానికి కూడా!

మజ్జ మార్పిడికి బాట వేసింది అమెరికా వైద్యుడు డొనాల్ థామస్. 1957లో ఆయన తొలి ప్రయత్నాల్ని ప్రకటించారు. 1990లో నోబెల్ అందుకున్నారు. మనదేశంలో తొలి మార్పిడి 1983లో ముంబయిలోని టాటా మెమోరియల్ ఆసుపత్రిలో జరిగింది.

అతిథే ఇంటిమీద తిరగబడితే...

మార్పిడి అనగానే పెద్ద ఆపరేషన్ అనుకుంటారు. రోగికి కోతలేమీ ఉండవు. ముందు గట్టి మందులిచ్చి పాత మజ్జను తుడిచేస్తారు. తర్వాత దాత మూలకణాల్ని రక్తం సీసా ఎక్కించినట్టే నరంలోకి ఎక్కిస్తారు. రెండు మూడు వారాల్లో అవి ఎముకల్లోకి చేరి కొత్త రక్తం తయారుచేస్తాయి.

చిక్కంతా ఆ తర్వాతే. మామూలుగా కిడ్నీ మారిస్తే శరీరం కొత్త కిడ్నీని తిరస్కరిస్తుందేమోనని భయం. ఇక్కడ తిరకాసు. దాత నుంచి వచ్చిన రక్షణ కణాలే రోగి శరీరాన్ని పరాయిదనుకుని దాడి చేస్తాయి. దీన్నే జీవీహెచ్‌డీ అంటారు. చర్మంమీద దద్దుర్లు, ఆగని విరేచనాలు, కామెర్లు దీని మొదటి గుర్తులు. ఎక్కువగా మొదటి వంద రోజుల్లో కనిపిస్తుంది. ఆ తర్వాత వచ్చే దీర్ఘకాల రూపంలో నోరు, కళ్లు పొడిబారతాయి. చర్మం బిగుసుకుంటుంది. ఊపిరితిత్తులకూ పాకొచ్చు.

విచిత్రమేమిటంటే ఆ కణాలే మిగిలిపోయిన క్యాన్సర్‌ను కూడా వేటాడతాయి. పూర్తిగా అణిచేస్తే క్యాన్సర్ తిరిగి రావచ్చు, వదిలేస్తే ప్రాణం మీదకు రావచ్చు. అందుకే ఈ రంగంలో ఆరితేరిన నిపుణుల పర్యవేక్షణ తప్పనిసరి. మొదట స్టెరాయిడ్లు వాడతారు. వాటికి లొంగకపోతే రుక్సోలిటినిబ్ లాంటి మందులొచ్చాయి.

ఇంటికొచ్చాక...

కొత్త మజ్జకు పూర్తి బలం రావడానికి నెలలు పడుతుంది. అందాకా ఏ చిన్న సూక్ష్మజీవైనా పెద్ద శత్రువే. అందుకే మొదటి మూడు నెలలు ఆసుపత్రికి దగ్గర్లోనే గది తీసుకుని ఉండమంటారు. ఊరికి వచ్చాక కూడా ఇవి మరవకూడదు.

జ్వరం 100.4 డిగ్రీలు దాటితే మాత్ర వేసి తెల్లారేదాకా చూడటం ప్రమాదం. వెంటనే మార్పిడి చేసిన డాక్టరుకు ఫోన్ చేయాలి. దగ్గర్లోని పెద్దాసుపత్రికి వెళ్లాలి. మార్పిడి వివరాల కాగితం ఎప్పుడూ వెంట ఉండాలి.

మళ్లీ రక్తం ఎక్కించాల్సి వస్తే రేడియేషన్‌తో శుద్ధిచేసిన రక్తమే కావాలని అడగాలి. 'మా రక్తమే తీసుకోండి' అని బంధువులు ముందుకు రావడం సహజం. కానీ డాక్టర్ని అడక్కుండా రక్తసంబంధీకుల రక్తం ఎక్కించకూడదు.

పత్తి దుమ్ము, గడ్డివాము, పాత గోడ కూల్చిన ధూళి... వీటిలో ఉండే బూజు ఊపిరితిత్తుల్లో చేరుతుంది. చేనుకి, ఎనుమాముల మార్కెట్టుకి వెళ్లే ఇంట్లో ఇది మరీ ముఖ్యం. వరంగల్ ఎండ కూడా చర్మంమీద జీవీహెచ్‌డీని రేపగలదు. కాచి చల్లార్చిన నీళ్లు, అప్పటికప్పుడు వండిన వేడి అన్నమే మేలు.

ఎవరివ్వాలి? ఎంతవుతుంది?

తోబుట్టువుల్లో ఒక్కొక్కరికీ సరిపోయే అవకాశం నాలుగింట ఒక వంతే. ఇప్పుడు సగం సరిపోయినా అమ్మానాన్నలో పిల్లలో ఇవ్వొచ్చు. లేదంటే చెన్నై కేంద్రంగా 2009లో మొదలైన దాత్రి లాంటి దాతల సంస్థల్లో వెతుకుతారు. బుగ్గ లోపల దూదిపుల్లతో తీసిన నమూనా చాలు, పేరు నమోదవుతుంది. వెన్నుపాములో సూది గుచ్చుతారన్నది అపోహ. నాలుగైదు రోజులు ఇంజెక్షన్లిచ్చి ఎక్కువసార్లు చేతి నరం నుంచే కణాల్ని వేరుచేస్తారు. దాతకు అవి కొద్ది వారాల్లో మళ్లీ తయారవుతాయి.

అందరికీ మార్పిడి అక్కర్లేదు కూడా. సీఎంఎల్ అనే రకానికి 2001లో ఇమాటినిబ్ వచ్చాక రోజూ వేసుకునే మాత్రే చాలామందికి సరిపోతోంది. లక్షకు పైగా ఉన్న నెల ఖర్చు మన దేశీయ కంపెనీల వల్ల వేలల్లోకి దిగింది. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ పరిమితిని తెలంగాణలో 2023 డిసెంబరులో 10 లక్షలకు పెంచారు. ఏ చికిత్సకు ఎంత వస్తుందో అప్పు చేయకముందే ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను అడిగి తెలుసుకోవాలి. పొలం అమ్మకానికి పెట్టడం ఆ తర్వాత మాట!