ట్యాంకులో చల్లన, ముక్కు దగ్గర వెచ్చన

అమెరికాలో మంచు కురిసే రాష్ట్రాల్లో ఇంటి వెనక నాలుగు కోళ్లు పెంచుకునేవాళ్లకు జనవరి వస్తే పొద్దున్నే ఒక పని ఉంటుంది. నీళ్ల గిన్నెలో గడ్డకట్టిన మంచును పగలగొట్టాలి. ఆ బాధ లేకుండా గిన్నె కింద పెట్టుకునే కరెంటు హీటర్లు అక్కడి కొట్లలో దొరుకుతాయి. నిజామాబాద్‌లో ఈ సంగతి చెబితే నవ్వుతారు. డిసెంబరు చలికి మనం చలిమంటలు వేసుకుంటాం గానీ, కోళ్ల నీళ్లు గడ్డకట్టేంత చలి ఇక్కడెక్కడిది? మన కోళ్లకు నీళ్ల కష్టం మే నెలలో వస్తుంది. 45 డిగ్రీల ఎండలో ఆ నీళ్లను చల్లగా ఉంచడమే ఇక్కడి పని. చిత్రమేమిటంటే చలిదేశంలోనూ మన దగ్గరా చిక్కు వచ్చే చోటు ఒకటే.

కిందటి ఎండాకాలం బోధన్ నుంచి వర్ని పోయే దారిలో ఒక కోళ్ల ఫారంలో ఆ చోటు చూశాను. మధ్యాహ్నం రెండయింది. రేకుల షెడ్డులో కోళ్లన్నీ రెక్కలు ఒంటికి ఆనకుండా ఎత్తిపట్టి, నోళ్లు తెరిచి ఒగరుస్తున్నాయి. బయట వేపచెట్టు నీడన ట్యాంకు, దాని చుట్టూ తడి గోనెసంచులు. నల్లా తిప్పి చేయి పెడితే నీళ్లు హాయిగా తగిలాయి. లోపలికి పోయి, కోళ్లు పొడిచి నీళ్లు తాగే పైపు వరసలో ఆఖరి నిపుల్ సూదిని వేలితో పైకి నొక్కాను. అరచేతిలో పడ్డ నాలుగు చుక్కలు చల్లారిన చాయ్‌లా ఉన్నాయి.

"ట్యాంకు నిండనే ఉంది సార్. పొద్దటి సంది తాగుతలేవు" అన్నాడు రైతు.

తప్పు ట్యాంకుది కాదు, పైపుది. వెయ్యి లీటర్ల ట్యాంకులో ఒక్కో లీటరు వాటాకు వచ్చే గోడ చాలా తక్కువ. అదే లీటరు ముప్పావు అంగుళం పైపులో మూడు మీటర్లకు పైగా సన్నగా సాగి ఉంటుంది. లెక్క కడితే వేడి చొరబడే గోడ 30 రెట్లకు పైగా పెరుగుతుంది. పైపులో నీళ్లు ఓ అరగంట కదలకుండా నిలిస్తే చాలు, షెడ్డులోని వేడి చాలావరకు వాటికి ఎక్కేస్తుంది. వరస మొదట్లో నీళ్లు కదులుతూనే ఉంటాయి, చివరికి వచ్చేసరికి నిలిచిపోతాయి. కోళ్లు తాగవు కాబట్టి నీళ్లు కదలవు, కదలవు కాబట్టి వేడెక్కుతాయి, వేడెక్కాయని కోళ్లు తాగవు. మంచుదేశంలోనూ ముందు గడ్డకట్టేది ఈ సన్నపైపూ ఆ నిపుల్ సూదే. పెద్ద తొట్టిలో నీళ్లు ఆలస్యంగా గడ్డకడతాయి.

ఇంతకీ నీళ్లు కాస్త వెచ్చగా ఉంటే కోడికి ఏమిటి నష్టం? కోడి ఒంటి వేడి మామూలుగానే 41 డిగ్రీలు దాటి ఉంటుంది. దానికి చెమట గ్రంథులు లేవు. షెడ్డులో గాలి కూడా 40కి చేరితే ఒంటి వేడి బయటికి పోయే దారులు దాదాపు మూసుకుపోతాయి, ఒగర్చడం ఒక్కటే మిగులుతుంది. గొంతులోంచి, ఊపిరితిత్తుల్లోంచి ఒక గ్రాము నీరు ఆవిరైతే సుమారు 580 కేలరీల వేడి పోతుంది. ఇప్పుడు చల్లని నీళ్ల లెక్క చూద్దాం. కిలోన్నర కోడి 22 డిగ్రీల నీళ్లు 50 మిల్లీలీటర్లు తాగిందనుకోండి. అవి ఒంటి వేడికి వచ్చేలోగా 950 కేలరీలు లాగేసుకుంటాయి. అంటే ఒళ్లు దాదాపు ముప్పావు డిగ్రీ చల్లబడినట్టు. అదే 40 డిగ్రీల నీళ్లయితే లాగేది 50 కేలరీలే. పైగా వెచ్చని నీళ్లను కోడి సరిగా ముట్టదు కనుక ఆవిరి కావాల్సిన నీళ్లకూ కరువే. మామూలు రోజుల్లో కోడి తిన్న మేతకు రెట్టింపు నీళ్లు తాగుతుంది, ఎండల్లో ఇంకా ఎక్కువ కావాలి.

గుడ్ల కోళ్లకు మరో చిక్కుంది. అదేపనిగా ఒగర్చితే రక్తంలోని కార్బన్ డయాక్సైడ్ బయటికి పోతుంది. గుడ్డు పెంకు తయారయ్యే కార్బొనేటుకు ముడిసరుకు అదే. అందుకే ఎండాకాలం గుడ్లు చేతిలో పట్టుకుంటేనే చిట్లుతాయి. 1980ల్లో అమెరికా పరిశోధకులు ఇలాంటి కోళ్లకు అదే గ్యాసు ఎక్కించిన నీళ్లు తాగించి చూస్తే పెంకు మెరుగుపడింది. కోళ్లకు గోలీసోడా అన్నమాట! మన రైతులు అంత దూరం పోకుండా నీళ్లలో కాస్త తినేసోడా కలుపుతారు.

ఇక ఆ తడి గోనెసంచులు. ఇంట్లో మట్టి రంజన్ చేసే పనే అవీ చేస్తాయి: పైన తడి ఆరుతూ లోపలి వేడిని పట్టుకుపోతుంది. అయితే ఆ తడి ఎంతవరకు చల్లబరుస్తుందన్నది గాలిలోని తేమ చెబుతుంది. ఎండ 45 ఉన్నా తేమ 15 శాతమే ఉంటే తడి గుడ్డ దాదాపు 24 డిగ్రీల దాకా చల్లబడగలదు. రోహిణి కార్తెలో రోళ్లు పగిలినా రంజన్ నీళ్లు చల్లగా ఉండేది అందుకే. మృగశిరకు ముందు మబ్బు పట్టి ఎండ 38కి దిగినా తేమ 45 శాతానికి ఎక్కితే అదే గుడ్డ 27 దగ్గరే ఆగిపోతుంది. ఎండ తగ్గింది కదా అని మనం ఊపిరి పీల్చుకునే ఆ ఉక్కపోత రోజుల్లో గోనెసంచే కాదు, కోడి గొంతు కూడా నీళ్లను సరిగా ఆవిరి చేయలేదు.

కొందరు ట్యాంకులో మంచుగడ్డలు వేస్తారు. నా లెక్కలో డబ్బు దండగ. వెయ్యి లీటర్లలో పది కిలోల మంచు వేస్తే ఒక్క డిగ్రీ తగ్గడమే గొప్ప. ఆ చల్లదనం కూడా పైపు చివరికి చేరేలోగా ఖర్చయిపోతుంది. అంతకన్నా రేకుల మీద చెరుకాకు కప్పడం మేలు, నిప్పు రవ్వ పడకుండా చూసుకోవాలి అంతే. ఈ ప్రాంతంలో చెరుకాకు ఒకప్పుడు ఊరికే దొరికేది. 2015లో బోధన్ శక్కర్‌నగర్‌లోని చక్కెర ఫ్యాక్టరీ మూతపడ్డాక చెరుకు తగ్గింది, ఇప్పుడు చాలాచోట్ల షెడ్ల మీద వరిగడ్డే కనిపిస్తుంది.

అన్నిటికన్నా చవకైన పని ఆ రైతు నా ముందే చేశాడు. వరస చివర మూత విప్పి కింద బకెట్ పెట్టాడు. నీళ్లు కింద పరిచిన ఊక మీద పడనివ్వకూడదు, ఊక తడిస్తే ఘాటు వాసన లేస్తుంది. మొదట వచ్చినవి వేడినీళ్లే. బకెట్ నిండవచ్చేసరికి చేతికి చల్లదనం తగిలింది. మూత బిగించాడు. గోడవారన కూలబడ్డ కోడి ఒకటి లేచొచ్చి సూదిని పొడిచింది, మళ్లీ పొడిచింది.

"మళ్ల నాలుగింటికి ఇప్పాలె" అంటూ ఆయన పక్క వరసకు పోయాడు.