లైసెన్సు పోయిన మర్నాడు

విద్యార్థి సంఘం కార్యదర్శి వచ్చి, "సావనీరుకి ఏదైనా రాయండి మాస్టారూ, కాని లా క్లాసులా ఉండకూడదు" అన్నాడు. నాకు తెలిసిందల్లా లా క్లాసే. అంచేత క్లాసు బయట జరిగిన ఒక ముచ్చటతో మొదలుపెడతాను.

మన కాలేజీలోనే చదివి, సినిమా పిచ్చితో కృష్ణానగర్ చేరిన కుర్రాడొకడు ఈమధ్య మా ఇంటికి వచ్చాడు. అసిస్టెంటు డైరెక్టరు. ఒక రాత్రి ఫిల్మ్‌నగర్‌లో ఎవరిదో పుట్టినరోజు పార్టీ. ఒక బీరు, దానిమీద ఇంకో సగం. బైకు మీద తిరిగి వస్తుంటే జూబ్లీహిల్స్ చెక్‌పోస్టు దగ్గర ఆపి "ఊదండి" అన్నారు. మిషను 58 చూపించింది. తర్వాత కోర్టుకి వెళ్లాడు, తప్పు ఒప్పుకున్నాడు, జరిమానా కట్టాడు. రసీదు నా ముందు పెట్టి అడిగిన ప్రశ్న ఇదీ: "ఫైను కట్టేశాను గదా మాస్టారూ, ఇంక బండి తీయొచ్చు గదా?"

తీయకూడదు. ఎందుకు తీయకూడదో చెప్పడానికే ఈ వ్యాసం.

ముందు ఆ 58 సంగతి. వంద మిల్లీలీటర్ల రక్తంలో అన్ని మిల్లీగ్రాముల ఆల్కహాలు ఉందని దాని అర్థం. మోటారు వాహనాల చట్టం 1988లో వచ్చినప్పుడు, 185వ సెక్షన్ ఆల్కహాలు ఎంత కొంచెం ఉన్నా నేరమే అంది. 1994 సవరణలో దాన్ని 30 మిల్లీగ్రాముల హద్దుగా మార్చారు. మన రక్తం ఊపిరితిత్తుల గుండా వెళ్లేటప్పుడు అందులోని ఆల్కహాలు కొంత ఊపిరిలోకి చేరుతుంది, మిషను పట్టేది దాన్నే. కనుక వక్కపొడీ, నిమ్మకాయా, యాలకులూ వాసన్ని కప్పుతాయేమోగాని అంకెని తగ్గించలేవు. కాలేయం తన పని తాను చేసుకుపోవలసిందే. సగటు మనిషిలో గంటకి సుమారు 15 మిల్లీగ్రాములు తగ్గుతాయి. అంతకన్నా తొందరపెట్టే మందు లేదు. పుక్కిలించే మందులో ఆల్కహాలు ఉంటే మాత్రం నోట్లో మిగిలిన తడి వల్ల అంకె ఎక్కువ చూపవచ్చు. అలాంటప్పుడు ఒక పావుగంట ఆగి మళ్లీ పరీక్ష చేయమని మర్యాదగా అడగండి. అసలు ఊదనే ఊదనని మొండికేస్తే అది మీకే చుట్టుకుంటుంది. వాసన వస్తోందని అనుమానం ఉంటే వారంటు లేకుండా అరెస్టు చేయవచ్చు. ఆ నిరాకరణే కోర్టులో మీకు వ్యతిరేక సాక్ష్యానికి బలం అవుతుంది. అరెస్టు చేస్తే రెండు గంటల్లోపు డాక్టరు పరీక్ష జరగాలి, లేకపోతే వదిలిపెట్టాలి. ఇది మీ హక్కు, గుర్తుపెట్టుకోండి.

ఈ వీధుల్లో అందరికీ గుర్తున్న కేసు ఒకటుంది. 2017 డిసెంబరు 31 రాత్రి, కొత్త సంవత్సరం తనిఖీల్లో, జూబ్లీహిల్స్ 45వ నంబరు రోడ్డులో టీవీ యాంకర్ ప్రదీప్ మాచిరాజు కారు ఆపారు. మిషను 178 చూపించింది. ఆయన తండ్రిని వెంటబెట్టుకుని పోలీసుల కౌన్సెలింగ్‌కి హాజరయ్యారు, కోర్టుకీ వెళ్లారు. 2018 జనవరిలో తీర్పు వచ్చింది: 2,100 రూపాయల జరిమానా, మూడేళ్లు లైసెన్సు లేదు. జరిమానా చూసి ఇంతేనా అని చాలామంది నవ్వారు. ఆనాటి చట్టంలో మొదటి తప్పుకి జరిమానా 2,000 దాటకూడదు మరి. బరువంతా రెండో మాటలో ఉంది. అన్నట్టు, ఆ 178 తగ్గి 30కి రావాలంటే దాదాపు పది గంటలు పడుతుంది. అర్ధరాత్రి తాగడం మానేసి పడుకున్న మనిషి ఉదయం ఆరింటి షూటింగుకి బండి తీసినా తాగి నడిపినట్టే.

2019 సెప్టెంబరు 1 నుంచి అమల్లోకి వచ్చిన సవరణతో లెక్క మారింది. మొదటిసారి దొరికితే ఆరు నెలల దాకా జైలు, లేదా 10,000 జరిమానా, లేదా రెండూ. మళ్లీ దొరికితే రెండేళ్ల దాకా జైలు, లేదా 15,000, లేదా రెండూ. ఇది చలానాలాగా ఫోనులో కట్టి దులిపేసుకునే కేసు కాదు, కోర్టు మెట్లు ఎక్కాల్సిందే.

ఇక మావాడి ప్రశ్న. అతను ఒక్క తలుపే చూశాడు, ఉన్నవి రెండు. మొదటిది రవాణా శాఖది. పోలీసు అధికారి లైసెన్సు తీసుకుని లైసెన్సింగ్ అధికారికి పంపాలి. ఆ అధికారి మీ మాట విని, మొదటి తప్పయితే మూడు నెలలు సస్పెండు చేయవచ్చు, రెండోసారైతే రద్దే చేయవచ్చు. నోటీసు వస్తే వెళ్లండి, చెప్పుకోవలసింది చెప్పుకోండి. ఉత్తరువు అన్యాయమనిపిస్తే అందిన 30 రోజుల్లో అప్పీలు ఉంది. మూడు నెలలు గడిచాక కూడా ఊరికే చేతికివ్వరు, గుర్తింపు ఉన్న డ్రైవింగ్ స్కూల్లో రిఫ్రెషర్ శిక్షణ పూర్తిచేస్తేనే తిరిగి ఇవ్వాలని చట్టం. రెండో తలుపు కోర్టుది. 185 కింద శిక్ష వేసిన మేజిస్ట్రేటు, జరిమానాతోపాటు, బండి నడపకుండా అనర్హత కూడా విధించాలి, అది ఆరు నెలలకు తగ్గకూడదని 20వ సెక్షన్ మాట. మూడు నెలలూ, ఆరు నెలలూ వేరువేరు గడియారాలు. ఒకటి ఆగిందని రెండోది ఆగదు. జరిమానా రసీదు ఈ రెండింటిలో దేన్నీ ఆపదు.

అతని జేబులో ఇంకో కాగితం ఉంది, లైసెన్సు తీసుకున్నప్పుడు పోలీసులు ఇచ్చిన తాత్కాలిక రసీదు. మామూలు కేసుల్లో అలాంటి రసీదు చూపి బండి నడపొచ్చు. తాగిన కేసులో ఇచ్చే రసీదుకి ఆ విలువ లేదని చట్టం విడిగా చెప్పింది. ఈ తేడా తెలియక ఎంతమంది రోడ్డెక్కుతున్నారో! అనర్హత ఉండగా నడిపితే మూడు నెలల జైలు, లేదా 10,000 జరిమానా, లేదా రెండూ. తెలిసి బండి ఇచ్చిన యజమానికీ శిక్ష ఉంది, కనుక స్నేహితుడి బండి అడగడం స్నేహితుణ్ణి ఇరికించడమే. దురదృష్టవశాత్తూ ఎవరికైనా తగిలితే, ఇన్సూరెన్సు కంపెనీకి తప్పుకునే దారి మీరే చూపించినట్టవుతుంది.

బండి సంగతి వేరు. 2021 నవంబరులో తెలంగాణ హైకోర్టు, తాగి నడిపాడన్న కారణంతో వాహనాన్ని పోలీసులు పట్టి ఉంచుకోకూడదని తీర్పిచ్చింది. పక్కన తాగని, లైసెన్సు ఉన్న మనిషి ఉంటే బండి అతనికి అప్పగించాలి. లేకపోతే బంధువుకో స్నేహితుడికో కబురు చేయాలి. ఎవరూ రాకపోతే తాత్కాలికంగా పెట్టుకుని, కాగితాలు చూపాక ఇచ్చేయాలి. కాబట్టి ఆ రాత్రి గొడవపడకుండా ఇంట్లోవాళ్లకి ఫోను చేయడం ఉత్తమం. నాన్నకి తెలిస్తే ఎలా అని భయపడే విద్యార్థులకి ఒక మాట: కౌన్సెలింగ్‌కి తల్లిదండ్రుల్ని తీసుకురమ్మంటారు, ఎలాగూ తెలుస్తుంది.

ఇది నవ్వులాట కాదని అప్పుడప్పుడు నాకు నేనే చెప్పుకుంటాను. 2016 జులై 1న పంజాగుట్టలో, పట్టపగలు, తాగి ఉన్న ఇంజనీరింగు విద్యార్థుల కారు డివైడరు దాటి ఎగిరి మరో కారుమీద పడింది. బడి నుంచి ఇంటికి పోతున్న చిన్నపాప, ఆ ఇంటివాళ్లే మరో ఇద్దరు పోయారు. ఆ కారులోని కుర్రాళ్లు మీ వయసువాళ్లే.

అయినా, చట్టం అందరికీ ఒకటే అన్నా దెబ్బ అందరికీ ఒకటిగా తగలదు. ఫిల్మ్‌నగర్‌లో పెద్దవాళ్లకి లైసెన్సు పోతే వెనక సీట్లోకి జరుగుతారు, అంతే. యూనిట్ వ్యాను తోలే డ్రైవరుకి పోతే ఆ ఇంట్లో పొయ్యి ఆగుతుంది. కోర్టు విధించిన అనర్హత ఎక్కువ కాలానిదైతే, ఉత్తరువు వచ్చిన ఆరు నెలల తర్వాత, దాన్ని తొలగించమని అదే కోర్టుకి దరఖాస్తు పెట్టుకోవచ్చు. కాదంటే మరో మూడు నెలలు ఆగి మళ్లీ పెట్టుకోవచ్చు. ఈ సంగతి లాయర్లని పెట్టుకోగలిగినవాళ్లకి తెలుసు, తెలియవలసిన డ్రైవర్లకి తెలియదు. కోర్టు కాగితం మీదే నాలుగు ముక్కలు తెలుగులో అచ్చేసి ఇస్తే ఏం పోతుంది?

మావాడు ఇదంతా విని కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "రేపు తెల్లారి అయిదింటికి ఫిల్మ్‌సిటీలో ఉండాలి మాస్టారూ, అప్పటికి మెట్రో కూడా ఉండదు" అన్నాడు. ప్రొడక్షన్ మేనేజరుకి నిజం చెప్పి యూనిట్ వ్యానులో చోటు అడగమన్నాను. మొహమాటపడుతూనే నా ముందే ఫోను చేశాడు. అవతల మేనేజరు గట్టిగా నవ్వడం నాకూ వినిపించింది. వ్యాను నాలుగింటికే బయల్దేరుతుందట, మూడున్నరకల్లా యూసుఫ్‌గూడ బస్తీ మలుపులో నిలబడమన్నాడు. కోర్టు ఉత్తరువు నకలు తెచ్చుకుని, గడువు ఏ తారీకుతో ముగుస్తుందో చూపమన్నాను. వచ్చే ఆదివారం తెస్తానన్నాడు. బైకు తాళం చెవి మాత్రం మా ఇంట్లోనే వదిలి వెళ్లాడు.