పదవ తరగతి ఫలితము – మూడవ తరగతి ప్రశ్న

ప్రతి సంవత్సరము పదవ తరగతి పరీక్షా ఫలితములు వెలువడిన దినమున కోరుట్ల, మెట్‌పల్లి ప్రాంతపు గ్రామములలో ఒక విధమైన సందడి కలుగుచుండును. ఏ పాఠశాలలో ఎందరు ఉత్తీర్ణులైరి, జిల్లాకు ఎన్నవ స్థానము లభించినది అను ముచ్చట రచ్చకట్ట మీదను, హోటలు బల్లల వద్దను సాగును. ఇందులో వింత యేమియు లేదు. 2016 అక్టోబరు 11న కరీంనగరు జిల్లా నుండి వేరుపడి ఏర్పడిన జగిత్యాల జిల్లా, ఆ మరుసటి సంవత్సరమే రాష్ట్రమున ప్రథమ స్థానమును పొందినది. 2018లో 97.56 శాతము, 2019లో 99.73 శాతము విద్యార్థులు ఉత్తీర్ణులు కాగా, వరుసగా మూడేండ్లు ఆ స్థానము జగిత్యాలదే అయినది. 2019లో రాష్ట్రమంతటికి ఉత్తీర్ణత 92.43 శాతము మాత్రమే. ఈ అంకెలను తలచుకొని ఇచ్చటి ప్రజలు సంతోషించుట న్యాయమే. రాత్రివేళలలో సైతము పిల్లలను కూర్చుండబెట్టి చదివించిన ఉపాధ్యాయుల శ్రమను ఎవరును తక్కువ చేయజాలరు.

అయినను పంచాయతీ సభ్యులకు మేము మనవి చేయదలచిన విషయ మొకటి కలదు. ఆ అంకె చెప్పునది కొంత, చెప్పనిది చాల.

ఉత్తీర్ణతా శాతమును ఎట్లు లెక్కింతురో చూడుడు. పరీక్షకు కూర్చున్న వారిలో ఎందరు ఉత్తీర్ణులైరి అనునదే ఆ లెక్క. ఒక గ్రామమున ఆరవ తరగతిలో 40 మంది చేరిరనుకొందము. వారిలో 10 మంది నడుమనే బడి మానిరి. మిగిలిన 30 మంది పరీక్ష వ్రాయగా 29 మంది ఉత్తీర్ణులైరి. పత్రికలో ఆ పాఠశాలకు దాదాపు 97 శాతమని పడును. కాని ఆరవ తరగతిలో చేరిన పిల్లలను బట్టి లెక్కించినచో అది 72.5 శాతమే యగును. మానిన పదిమంది పేర్లు ఏ ఫలితముల పట్టికలోను కానరావు. వారు మీ గ్రామమున మాత్రము కానవత్తురు. ఒకడు కిరాణా దుకాణమున నుండును. ఒకతె తల్లి ప్రక్కన కూర్చుండి బీడీలు చుట్టుచుండును.

మరియు 100 మార్కులకు 35 వచ్చిన విద్యార్థియు, 95 వచ్చిన విద్యార్థియు ఆ శాతములో ఒకే లెక్కలోనికి వత్తురు. 2020వ సంవత్సరపు సంగతి ఇంకను విచిత్రమైనది. కరోనా వ్యాధి మూలమున పరీక్షలు నడుమ నిలిచిపోగా, పాఠశాలలలో ఉపాధ్యాయులు వేసియుంచిన 20 అంతర్గత మార్కులనే అయిదింతలు చేసి నూటికి లెక్కగట్టి, అందరిని ఉత్తీర్ణులను చేసిరి. ఆ విపత్కాలమున అంతకంటె మార్గము లేదు. 2021లోను అట్లే జరిగినది. ఆ రెండేండ్లు రాష్ట్రమంతటను ఉత్తీర్ణత నూరు శాతమే. ఆ రెండేండ్లలోనే బడులు మూతపడి, చిన్నపిల్లలు నేర్చిన అక్షరములను సైతము మరచిరి. శాతము నిండుగా నుండుట వేరు, చదువు నిండుగా నుండుట వేరు అనుటకు ఇంతకంటె నిదర్శన మక్కరలేదు.

తూకము వేరు, పైరు చూచుట వేరు

ఇచ్చట పసుపు పండించు రైతులకు ఈ భేదమును వేరుగా బోధింపనక్కరలేదు. మార్కెటు యార్డులో పసుపు కొమ్ములను తూచునది ఒక పరీక్ష. అప్పటికి పంట పూర్తియైనది; ధర తెలియును గాని పైరును బాగుచేయుటకు వీలుండదు. చేనులో నిలిచి ఆకుమీద మచ్చలున్నవా, దుంప కుళ్లుచున్నదా అని చూచునది మరియొక పరీక్ష. మందు వేయుటకు పనికివచ్చునది ఇదియే. పదవ తరగతి పరీక్ష మొదటి వంటిది. మూడవ తరగతి పిల్లవాడు తన పాఠ్యపుస్తకములోని నాలుగు వాక్యములు చదివి అర్థము చెప్పగలడా, పది రూపాయల నోటు ఇచ్చి ఏడు రూపాయల వస్తువు కొన్నచో తిరిగి వచ్చునది ఎంతో చెప్పగలడా అని చూచుట రెండవ వంటిది.

విద్యాశాఖవారు ఈ రెండవ విధమును విస్మరించిరని చెప్పజాలము. 2009 నాటి విద్యాహక్కు చట్టము 29వ విభాగమున నిరంతర సమగ్ర మూల్యాంకనమును విధించినది. సంవత్సరమునకు నాలుగు నిర్మాణాత్మక మూల్యాంకనములు, రెండు సంగ్రహణాత్మక మూల్యాంకనములు జరుగుట అందువలననే. పేర్లు బరువైనవే గాని భావము తేలిక: మొదటిది నేర్చుచుండగా చూచునది, రెండవది నేర్చిన పిదప చూచునది. నిర్మాణాత్మక మూల్యాంకనమున పిల్లల భాగస్వామ్యము, వ్రాతపని, ప్రాజెక్టుపని, లఘుపరీక్ష అను నాలుగంశములు కలవు. ఇవి శ్రద్ధగా జరిగినచోట ఉపాధ్యాయునికి దారి చూపును. మార్కుల పట్టికను నింపుటకే జరిగినచోట కాగితము ఖర్చు తప్ప ఫలితము లేదు.

రాష్ట్రపు స్థితిని తెలిసికొనుటకు వేరొక మార్గము కలదు. 2017, 2021 సంవత్సరములలో జాతీయ సాధనా సర్వే జరిగినది. 2022 మార్చిలో మూడవ తరగతి పిల్లలను ఒక్కొక్కరినే కూర్చుండబెట్టి చదివించి చూచిరి. 2024 డిసెంబరు 4న మూడు, ఆరు, తొమ్మిది తరగతులకు ‘పరఖ్’ సర్వే జరిపిరి. వీనిలో కొన్ని పాఠశాలలనే ఏరి చూచెదరు. అన్నము ఉడికినదో లేదో చూచుటకు కొన్ని మెతుకులు చాలును గదా. రాష్ట్ర ప్రణాళిక వేయుటకు ఇది చాలును. కాని మీ గ్రామపు బడిలో ఏ పిల్లవాడు వెనుకబడెనో ఈ సర్వే చెప్పదు. చెప్పుటకు ఏర్పడినదియు గాదు. అందులకై ఏర్పడినది, తెలంగాణ రాష్ట్రమున 2022 ఆగస్టు 15న ఆరంభమైన ‘తొలిమెట్టు’ కార్యక్రమము. ఒకటి నుండి అయిదవ తరగతి వరకు ప్రతి విద్యార్థి చదువుట, వ్రాయుట, లెక్కించుట ఎంతవరకు వచ్చెనో ముందుగా పరీక్షించి, ఆ స్థాయి ననుసరించి బోధించుట దాని పద్ధతి. పిల్లలవారీగా వివరములు ఉపాధ్యాయుల వద్దనే యుండును.

ఉపాధ్యాయుని పనిని కొలుచుట

ఈ వివరములు చేతనుండగా ఉపాధ్యాయుని పనిని కూడ వీనితోనే కొలువవచ్చును గదా అని కొందరు సభ్యులు అడుగవచ్చును. ఈ ప్రశ్న క్రొత్తది గాదు. ఇంగ్లండులో 1862లోనే, తనిఖీ అధికారి యెదుట పిల్లలు చదువుట, వ్రాయుట, లెక్కలలో నెగ్గినదానిని బట్టి పాఠశాలకు గ్రాంటు ఇచ్చు పద్ధతిని పెట్టిరి. పిల్లలు పుస్తకమును కంఠస్థము చేసి అప్పగించుట మొదలిడిరి. మూడు దశాబ్దములు నడిచిన పిమ్మట ఆ పద్ధతి రద్దయినది.

మన ప్రాంతమున జరిగిన ప్రయోగము ఇంతకంటె తెలియదగినది. 2005వ సంవత్సరము నుండి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము, అజీం ప్రేమ్‌జీ ఫౌండేషను, ప్రపంచబ్యాంకుల తోడ్పాటుతో గ్రామీణ ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలలో ఒక పరిశీలన జరిగినది. ఆర్థికశాస్త్రవేత్తలు కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ దాని ఫలితములను ప్రకటించిరి. చీట్లు తీసినట్లుగా ఎన్నిక చేసిన 200 పాఠశాలలలో, పిల్లల మార్కులు సగటున 5 శాతమునకు మించి పెరిగినచో, ఆపై ప్రతి శాతమునకు ఉపాధ్యాయునికి 500 రూపాయల చొప్పున పారితోషిక మిత్తుమనిరి. 100 పాఠశాలలకు పారితోషికము ఇయ్యక పోల్చుటకై ఉంచిరి. రెండేండ్ల పిమ్మట పారితోషికపు పాఠశాలల పిల్లలు గణితమునందును భాషయందును ముందంజ వేసిరి. పారితోషికముతో సంబంధము లేని విజ్ఞాన, సాంఘిక శాస్త్రములలో సైతము వారు వెనుకబడలేదు, మెరుగైరి. ఉపాధ్యాయుల హాజరు మాత్రము పెరుగలేదు. వచ్చిన దినమున అదనపు తరగతులు, ఇంటిపని, అభ్యాస పరీక్షలు పెరిగినవి.

ఇంతకంటె మాకు ముఖ్యముగా తోచునది అదే కాలమున 100 పాఠశాలలలో జరిగిన పని. ఆ ఉపాధ్యాయులకు పారితోషికము లేదు. ప్రతి విద్యార్థి ఏ అంశములో వెనుకబడెనో తెలుపు వివరమైన నివేదికలను మాత్రము వారి చేతికిచ్చిరి. అప్పుడప్పుడు తరగతికి వచ్చి చూచిపోయిరి. చూచువారు వచ్చినప్పుడు బోధన చురుకుగా సాగినది. కాని సంవత్సరాంతమున పరీక్షించగా ఆ పాఠశాలలకు, ఏమియు ఇయ్యని పాఠశాలలకు భేదము కనబడలేదు. నివేదిక మంచిదే, దానిని తెరచి పనిచేయుటకు కారణము మాత్రము లేకపోయినది.

పారితోషికమే మందు అని మేము అనుట లేదు. అది రాష్ట్ర ప్రభుత్వము ఆలోచింపవలసిన విషయము. గ్రామమున కూర్చుండి మార్కులను బట్టి ఉపాధ్యాయుని మంచిచెడ్డలు నిర్ణయించుట మాత్రము ప్రమాదకరము. మీ ప్రాథమిక పాఠశాలలో ఒక తరగతికి అయిదుగురు పిల్లలే యున్నచో, ఒక్క పిల్లవానికి జ్వరము వచ్చినను ఫలితము 20 శాతము పడిపోవును. ఆ ఉపాధ్యాయుడు ఒకేసారి రెండు మూడు తరగతులను కూర్చుండబెట్టి చెప్పుచుండవచ్చును. 2025 సెప్టెంబరు 1న సుప్రీంకోర్టు, అయిదేండ్లకు మించి సర్వీసు మిగిలియున్న ఉపాధ్యాయులు రెండేండ్లలోగా ఉపాధ్యాయ అర్హత పరీక్షలో నెగ్గవలెనని తీర్పు చెప్పినది. అది ఉపాధ్యాయునికి తెలిసినదానిని కొలుచును. తెలిసినది పిల్లలకు చేరుచున్నదా అనునది తరగతి గదిలోనే తేలవలెను.

పంచాయతీ అడుగదగినది

1959 చట్టముతో పంచాయతీ సమితులు, జిల్లా పరిషత్తులు ఏర్పడి బడుల బాధ్యతను స్వీకరించిన నాటి నుండియే మన ఉన్నత పాఠశాలలకు జిల్లా పరిషత్తు పేరు నిలిచినది. 1996 ప్రాంతమున జిల్లా ప్రాథమిక విద్యా పథకమునకు ఎన్నికైన మొదటి అయిదు జిల్లాలలో నాటి కరీంనగరు ఒకటి. గ్రామ విద్యా సంఘములు అప్పటివి. నేడు విద్యాహక్కు చట్టపు 9వ విభాగము ప్రకారము, పద్నాలుగేండ్లలోపు పిల్లల పట్టికను ఉంచుట, వారి చేరికను, హాజరును, చదువు పూర్తియగుటను చూచుట స్థానిక సంస్థల కర్తవ్యము. పైన చెప్పిన పదిమంది పేర్లు ఉండవలసినది ఆ పట్టికలోనే. 21వ విభాగము ప్రకారము పాఠశాల యాజమాన్య కమిటీలో నాల్గింట మూడు వంతులు తల్లిదండ్రులు, సగము మంది స్త్రీలు ఉండవలెను. స్థానిక సంస్థ ప్రతినిధులకును స్థానము కలదు. 24వ విభాగమున ఉపాధ్యాయుని విధులు చెప్పబడినవి: ప్రతి పిల్లవాని శక్తిని తెలిసికొని అవసరమైనచో అదనముగా బోధించుట, తల్లిదండ్రులను పిలిచి పిల్లల ప్రగతిని తెలుపుట అందులోనివే. 27వ విభాగము ఉపాధ్యాయులను జనగణన, విపత్తు సహాయము, ఎన్నికలు తప్ప ఇతర పనులకు వాడరాదని చెప్పుచున్నది. కావున ఉపాధ్యాయుని పనినిగూర్చి అడుగుటకు ముందు, ఆయనచే మనమే వేరు పనులు చేయించుచున్నామా యని కూడ చూచుకొనవలెను.

కమిటీ సమావేశమునకు పోయిన సభ్యుడు “ఎన్ని శాతము వచ్చినది?” అని గాక, “మూడవ తరగతిలో చదువలేని పిల్లలు ఎందరు? పోయిన సమావేశము నాటికి ఎందరు? ఈ నడుమ వారికై ఏమి చేసినారు? మేము చేయవలసిన దేమైనను కలదా?” అని అడుగవలెను. ఇవి నాలుగే ప్రశ్నలు. ప్రతిసారి అవే అడుగవలెను. ఉపాధ్యాయుని వద్దనున్న నివేదికకు కారణము కల్పించునది ఈ అడుగుటయే. అయితే పిల్లవానిని పదిమందిలో నిలువబెట్టి చదివించి చూచుట తగదు. బెదరిన పిల్లవాడు వచ్చినదానిని సైతము చదువలేడు. పైగా మరునాడు బడికి రాడు.

సమావేశపు వేళనుగూర్చి ఒక మాట. ఈ ప్రాంతమున అనేక కుటుంబములలో తండ్రి గల్ఫు దేశమున నుండును, తల్లి బీడీలు చుట్టుచుండును. సిరిసిల్లలోనైనచో ఇంటిల్లిపాది మరమగ్గముల పని మీద నుందురు. పగటివేళ సమావేశమునకు వచ్చిన తల్లి ఆనాటి కూలిని వదలుకొనవలెను. చదువురాని తల్లికి మార్కుల పట్టిక ఇచ్చి వ్రేలిముద్ర వేయించుకొనుటతో ప్రగతి తెలిపినట్లు కాదు. ఆమె బిడ్డ పాఠము చదువుచుండగా ఆమెను ప్రక్కన కూర్చుండబెట్టి వినిపింపవలెను. ఆమె పని ముగించుకొని రాగల సాయంకాలమును సమావేశమునకు నిర్ణయించుట, ముందురోజు ఇంటింటికి కబురు పంపుట పంచాయతీ చేతిలోని పనులు.